చాలు లోతు, సీసం మెత్తన



మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరనాళ్ళకు వెళ్ళినవాళ్ళకి ఒక చప్పుడు గుర్తుండే ఉంటుంది. పదిహేను రోజుల సంబరం. ఒక పక్క రంగులరాట్నం, ఇంకో పక్క జీళ్ళ దుకాణాలు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. వాటి మధ్య ఎక్కడో టప్పుమని బుడగ పగిలిన చప్పుడు. చెక్కకి వరసలుగా కట్టిన రంగు బుడగలు, ముందు ఒక బల్ల, బల్ల మీద రెండు మూడు గాలి తుపాకులు, సత్తు గిన్నెలో సీసం గుళ్ళు. అర్ధరూపాయికి నాలుగు గుళ్ళు ఇచ్చేవాడు. నేను మూడు గుళ్ళు పళ్ళ మధ్య పెట్టుకుని, నాలుగోది తుపాకిలో పెట్టి కాల్చేవాణ్ణి. తుపాకి గొట్టం వంచడానికి రెండు చేతులూ కావాలి మరి, గుళ్ళు ఎక్కడ పెట్టుకోను?

ఒక ఏడాది నాలుగుకి నాలుగూ తప్పాయి. మళ్ళీ అర్ధరూపాయి. మళ్ళీ నాలుగూ తప్పాయి. పక్కనే నిలబడ్డ మా బాబాయి, "ఏరా, గురి బాలేదా, గొట్టం బాలేదా?" అంటూ తుపాకి తీసుకున్నాడు. గొట్టం విరిచి, ట్యూబులైటు వైపు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. "లోపల నున్నగా ఉంది. చాళ్ళు అరిగిపోయాయి" అన్నాడు. దుకాణం అతను నవ్వాడు. "బుడగలకి ఇది చాలండీ" అన్నాడు. బాబాయి నా వైపు తిరిగి, "చూశావురా, చాలు లేదు గాని చాలంటున్నాడు" అన్నాడు.

ఆ మాటలోని శ్లేష అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది. అందులోని సంగతి పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఈ పూట నేను చెప్పబోయేది ఆ చాలు గురించే. తుపాకి గొట్టంలో చాలు ఎంత లోతుండాలి, అందులోంచి పోత పోసిన సీసం గుండు వెళ్ళేటప్పుడు ఆ లోతు ఏం చేస్తుంది అన్నదే విషయం.

చెరకు తోట చూసినవాళ్ళకి దీన్ని వివరించడం తేలిక. ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు చూడనివాళ్ళు ఉండరు కదా. చాలుకీ చాలుకీ మధ్య గట్టులా మట్టి లేచి ఉంటుంది. రైఫిలు గొట్టం లోపలి గోడ కూడా అంతే. చాలు, గట్టు, మళ్ళీ చాలు, గట్టు. తేడా ఏమిటంటే ఇక్కడి చాళ్ళు తిన్నగా పోవు, మరమేకు చుట్టులాగా మెలి తిరుగుతూ పోతాయి. గుండు గొట్టంలోకి దూరినప్పుడు గట్లు దాని ఒంట్లో దిగబడతాయి. దిగబడి దాన్ని తిప్పుతాయి. తిరిగే బొంగరం ఎలా నిలబడుతుందో తిరిగే గుండు అలా ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. తిరగని గుండు తోచినట్టు పోతుంది, మా తిరనాళ్ళ గుళ్ళలాగా.

ఎంత వేగంగా తిరుగుతుందో ఒక లెక్క చెబుతాను. మన దేశంలో పోలీసుల భుజాన చాలాకాలం కనిపించిన 0.303 రైఫిలులో చాలు ప్రతి 10 అంగుళాలకూ ఒక చుట్టు తిరుగుతుంది. తూటా సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయటికొస్తుంది. భాగించి చూడండి. సెకనుకు 2,900 చుట్లు దాటుతాయి. ఈ తిప్పుడంతా గుండు గొట్టంలో ఉన్న కాసేపట్లోనే అందాలి. ఆ కాసేపు రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు.

ఇంత బలంగా తిప్పే చాలు ఎంత లోతుంటుందనుకున్నారు? పాత లేతు మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళకి థౌ అన్న మాట తెలుసు. అంగుళంలో వెయ్యో వంతు. మామూలు 0.30 అంగుళాల రైఫిలులో చాలు లోతు నాలుగు థౌలు. అంటే మిల్లీమీటరులో పదో వంతు, తల వెంట్రుక మందం. 0.22 రైఫిలులో రెండున్నర థౌలే. ఇంత చిన్న లోతు మీద తుపాకి ప్రియులు నూటయాభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. రాగి తొడుగు వేసిన ఫ్యాక్టరీ తూటా అయితే వాదన పెద్దగా ఉండదు, ఆ తొడుగు గట్టిది, గట్టుని గట్టిగా పట్టుకుంటుంది. పేచీ అంతా ఒట్టి సీసం గుండుతోనే.

సీసం సంగతికి వస్తే నేను మళ్ళీ మా బాబాయి దగ్గరికి పోవాలి. ఆయన బెజవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. కేసులోంచి ఒక్కొక్క అక్షరం ఏరి స్టిక్కులో పేర్చే పని. అరిగిపోయిన టైపు ముక్కలు నాలుగైదు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు, ఒకసారి 'క' వత్తు, ఒకసారి సున్న. తిరనాళ్ళ గుండుని గోటితో గీస్తే గీత పడేది. టైపు మీద గోరు జారేది. రెండూ సీసమేగా, ఎందుకిలా అని అడిగితే, "అచ్చు అక్షరంలో ఒట్టి సీసం వెయ్యరురా, వేస్తే వెయ్యి ఫారాలకే ముక్కు చదునైపోతుంది" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. లైనోటైపు యంత్రంలో పోసే లోహంలో రమారమి 84 పాళ్ళు సీసం, 12 పాళ్ళు ఆంటిమొనీ, 4 పాళ్ళు తగరం. ఆంటిమొనీ గట్టిదనం ఇస్తుంది. పైగా అది ఉన్న లోహం చల్లారేటప్పుడు ఎక్కువ ముడుచుకోదు, అందుకే అచ్చులో మూలమూలకీ నిండి అక్షరం పదునుగా వస్తుంది. తగరం లోహాన్ని పల్చగా పారిస్తుంది. గట్టిదనం కొలిచే బ్రినెల్ లెక్కలో స్వచ్ఛమైన సీసానిది 5 అయితే లైనోటైపుది 22 దరిదాపు. ప్రపంచంలో గుళ్ళు పోసుకునే అలవాటున్న దేశాల్లో, ప్రెస్సులు ఆఫ్‌సెట్‌కి మారినప్పుడు పాత టైపు లోహం కోసం షూటర్లు ఎగబడ్డారంటే కారణం ఇదే. అక్షరానికి పనికొచ్చిన గుణాలే గుండుకీ పనికొచ్చాయి. మన భాషలో అక్షరాల ముద్రణకీ, గుండు పోసే మూసకీ 'అచ్చు' అన్న ఒక్క మాటే సరిపోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు పేచీలోకి వద్దాం. మెత్తని సీసం గుండుని తక్కువ లోతు చాళ్ళున్న గొట్టంలోకి వేగంగా తోశారనుకోండి. గట్టు ఎత్తు చాలదు. గుండుని తిప్పుదామని గట్టు పట్టుకుంటే, పట్టిన చోట సీసం చిరిగిపోతుంది. గుండు తిరగకుండా తిన్నగా జారిపోతుంది. బురదలో బండి చక్రం గాడి తప్పినట్టే. కాబట్టి చాలామంది, సీసానికి లోతు చాళ్ళే మంచివి అని తేల్చేశారు. ఎత్తయిన గట్టు మెత్తని సీసాన్ని కూడా వదలకుండా పట్టుకుంటుంది కదా అని.

వినడానికి బాగానే ఉంది. నేనూ చాలాకాలం అదే నమ్మాను. అందులో సగమే నిజం.

చాలు లోతైతే దాన్ని అడుగుదాకా నింపాలి. గుండు ఒక్క వెంట్రుక సన్నంగా ఉన్నా చాలు అడుగున సందు మిగులుతుంది. వెనక నిప్పుల కొలిమిలాంటి వాయువు ఆ సందులోంచి ముందుకు దూసుకొస్తుంది. సీసం కరగడానికి 327 డిగ్రీలు చాలు, ఆ వాయువు వేడి అంతకు ఎన్నో రెట్లు. గుండు పక్కలు కోసుకుపోతాయి. కోసుకుపోయిన సీసం గొట్టం గోడకి పూతలా అంటుకుంటుంది. తర్వాతి గుండు ఆ పూత మీద దొర్లుతూ పోతుంది. పది గుళ్ళయ్యేసరికి గురి ఊరవతలకి పోతుంది. దీన్నే గొట్టానికి సీసం పట్టడం అంటారు. ఇంకో ఇబ్బందీ ఉంది. ఎత్తు గట్లు గుండు ఒళ్ళంతా ఎక్కువ దున్నుతాయి, దున్నిన సీసం ఎక్కడికో పోవాలిగా, గుండు వెనక అంచున తోకల్లాగా లేస్తుంది. గుండుకి వెనక అంచే ప్రాణం. అది వంకరైతే గొట్టం దాటిన క్షణంలోనే గుండు పక్కకి ఒరుగుతుంది.

మరి పల్చటి చాళ్ళు సీసానికి పనికిరావా? హారీ పోప్ అని అమెరికాలో ఒక గొట్టాల పనివాడు ఉండేవాడు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో సీసం గుళ్ళతో గురి పోటీలు ఆడేవాళ్ళు ఆయన గొట్టం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. ఆయన తీసినవి ఎనిమిది వెడల్పాటి, లోతు తక్కువ చాళ్ళు. ఇక 1950ల్లో మార్లిన్ కంపెనీ మైక్రోగ్రూవ్ పేరుతో బోలెడన్ని బహు పలుచటి చాళ్ళతో రైఫిళ్ళు అమ్మింది. అవి రాగి తొడుగు తూటాలకే గాని పోత గుళ్ళకి కావన్న అపవాదు వాటిని దశాబ్దాలపాటు అంటిపెట్టుకుంది. తీరా ఓపికున్నవాళ్ళు గొట్టం లోపలి కొలత జాగ్రత్తగా తీసి, దానికి తగ్గట్టు కాస్త లావు గుండు, కాస్త గట్టి లోహం వాడేసరికి అవే రైఫిళ్ళు బుద్ధిగా కొట్టాయి. లోతు మీద మోపిన నేరం నిజానికి గుండు లావుది. చాలు అడుగు కొలత కంటే గుండు ఒకటి రెండు థౌలు లావుగా ఉండాలన్నది పోత గుళ్ళవాళ్ళు తిని అరిగించుకున్న సూత్రం. లోతు ఎక్కువైతే మెత్తని లోహాన్ని ఓర్చుకుంటుంది గాని నింపమని అడుగుతుంది, లోతు తక్కువైతే తేలిగ్గా నిండుతుంది గాని గట్టి లోహాన్నీ తగ్గు వేగాన్నీ అడుగుతుంది. నన్నడిగితే లోతుని రెండో ప్రశ్నగానే పెట్టుకుంటాను. మొదటి ప్రశ్న గుండు గొట్టానికి నిండిందా లేదా అనేదే.

నిండకపోతే ఎలా ఉంటుందో మన జిల్లా నేల మీదే ఉదాహరణ ఉంది. ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు పట్టుకుని పామర్రు మీదుగా పోతే బందరు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు కంపెనీ సేన బందరు కోటని ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుంది. ఆ కాలపు ఇంగ్లీషు మస్కెట్ గొట్టం లోపల చాళ్ళే లేవు. రంధ్రం ముప్పాతిక అంగుళం, అందులో వేసే సీసం గుండు 0.69 అంగుళాలు. అరవై థౌల సందు! మసి పేరుకున్నా గుండు గబగబా జారాలని అంత వదులు పెట్టారు. గుండు గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుంటూ వచ్చి, ఆఖరున ఏ పక్క తగిలితే దానికి ఎదురు పక్కకి పోయేది. వంద గజాల అవతల ఒక్క మనిషిని గురి చూసి కొట్టడం అదృష్టం కింద లెక్క. అందుకే వరసలు కట్టి అందరూ ఒక్కసారే పేల్చేవారు.

చాలు కావాలి, గుండు సులువుగా జారాలి, మళ్ళీ పేలినప్పుడు చాలులో నిండాలి. ఈ మూడు కోరికల్నీ ఒక్కచోట కుదిర్చినవాడు 1840ల చివర ఫ్రెంచి సైన్యాధికారి మినియే. గుండు వెనక బోలుగా చేశాడు. పేలినప్పుడు వాయువు ఆ బోలులో దూరి గుండు అంచుల్ని విప్పార్చి చాళ్ళలోకి నెడుతుంది. అంటే సన్నంగా లోపలికి దిగి, లావై బయటికొస్తుంది. ఈ పద్ధతి మీదే 1853లో ఇంగ్లీషువాళ్ళు ఎన్‌ఫీల్డ్ రైఫిలు తయారుచేశారు. 0.577 రంధ్రం, మూడే చాళ్ళు, 39 అంగుళాల గొట్టం మొత్తానికి అర చుట్టు. కొన్నేళ్ళకి ఆ చాళ్ళని మందు ఉండే వైపు లోతుగా, మూతి వైపు పోనుపోను పల్చగా చేశారు, గుండు ముందుకు పోయేకొద్దీ పట్టు బిగిసేలా. చాలు లోతు ఒక్క అంకె కానక్కరలేదని దీంతో తెలిసిపోయింది.

అయితే మసి పట్టిన చాళ్ళలోంచి గుండుని కిందికి దించాలంటే జిడ్డు కావాలి. పోత సీసానికి జిడ్డు లేకుండా గడవడం అరుదు, ఇప్పటికీ గుండు నడుముకి గాడులు పెట్టి మైనం నింపుతారు. ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి కొవ్వు రాశారు. ఆ కాగితం పళ్ళతో కొరికి మందు పొయ్యాలి. ఆ కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో కంపెనీ సిపాయిలకి పుట్టింది. మీ మైనం, మీ నూనె మీరే రాసుకోండి అన్నారు అధికారులు, తర్వాత కొరకొద్దు చేత్తో చింపండి అన్నారు. అప్పటికే ఆలస్యమైంది. తిరుగుబాటుకి వంద కారణాలున్నాయి, నిప్పు అంటుకున్నది మాత్రం చాలులో సీసం సాఫీగా దిగడానికి రాసిన జిడ్డుకి.

ఇక్కడ మన వాళ్ళు గర్వంగానో విచారంగానో తలచుకోదగ్గ సంగతొకటి. ఢిల్లీలో ఆ ఏడు తిరగబడ్డ సిపాయిల్ని ఊరివాళ్ళు ఏమని పిలిచారో తెలుసా? తిలంగాలు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాలవాళ్ళే. కానీ అంతకు దాదాపు వందేళ్ళ ముందు కంపెనీ సేనాని క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన తొలి సిపాయిల్లో తెలుగు తీరం మనుషులు ఉండటం వల్ల, ఎర్రకోటు వేసుకున్న ప్రతి దేశీ సిపాయికీ ఉత్తరాదిలో మన పేరే స్థిరపడిపోయింది. తూటా కొరకనన్నవాడి పేరు తెలుగువాడి పేరు.

తిరుగుబాటు అణిచాక ఏం చేశారనుకున్నారు? దేశీ సిపాయిలకోసం అదే ఎన్‌ఫీల్డ్ ఆకారంలో, లోపల 0.656 అంగుళాల నున్నటి రంధ్రంతో మస్కెట్లు చేయించారు. చూడ్డానికి రైఫిలే, చాళ్ళు లేవు. చాలు లోతుని సున్నాకి దించడం ప్రభుత్వ విధానమైందన్నమాట. ఆ తర్వాత 20వ శతాబ్దంలో కూడా 0.303 రైఫిళ్ళ గొట్టాలు తొలిచి, చాళ్ళు చెరిపేసి, 0.410 మస్కెట్లుగా మార్చి పోలీసుల చేతికి, కాపలావాళ్ళ చేతికి ఇచ్చారు. పోగొట్టుకున్నా, ఎవరైనా ఎత్తుకెళ్ళినా దూరం కొట్టదు, సైన్యపు తూటా అందులో పనిచేయదు. వెంట్రుక మందం ఉక్కు మీద ఎంత నమ్మకం, ఎంత అపనమ్మకం పెట్టుకున్నారో చూడండి.

ఇంగ్లీషువాళ్ళు తమకోసం మాత్రం చాలు మీద కష్టపడుతూనే ఉన్నారు. మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరు 1888 నాటి రైఫిలుకి ఏడు పలుచటి, గుండ్రటి అంచుల చాళ్ళు ఇచ్చాడు. నల్ల మందు మసి పట్టకుండా తుడవడానికి హాయిగా ఉండేవి. పొగలేని కార్డైట్ మందు రాగానే దాని వేడికి ఆ పల్చటి గట్లు కరిగి అరిగిపోయాయి. 1895లో ఐదు లోతైన చాళ్ళు పెట్టారు, అదే లీ-ఎన్‌ఫీల్డ్. అంటే లోతు పెంచింది గురి కోసం కాదు, అరుగుదల ఓర్చుకోవడానికి. ఆ రైఫిళ్ళలో చాలు అడుగు కొలత ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, అందుకే దానికి పోత గుండు కుదర్చడం నేటికీ తలనొప్పే.

మన రోజుల్లోకి వస్తే, హైదరాబాదు నుంచి వెళ్ళిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కంచు పతకం తెచ్చాడు. ఆ రైఫిలులో వాడే గుండు మన తిరనాళ్ళ గుండుకి చుట్టమే. డమరుకంలాగా నడుము సన్నగా, వెనక పల్చటి గౌను. గాలి తోసినప్పుడు ఆ గౌను విచ్చుకుని చాళ్ళలో నిండుతుంది, మినియే గుండులాగే. పది పాయింట్లు వచ్చే చుక్క అర మిల్లీమీటరు. అందుకని ఆ పోటీల గుళ్ళు తల కొలతని బట్టి 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని వేరువేరు డబ్బాల్లో అమ్ముతారు. ఆటగాళ్ళు తమ గొట్టానికి ఏది నిండుతుందో కాల్చి చూసి ఎంచుకుంటారు. చాలు లోతుని వాళ్ళు మార్చలేరు. గుండుని మార్చుకుంటారు.

ఇది విని ఎవరైనా ఇంట్లో సీసం కరిగించే పనికి దిగుతారేమో, చెప్పడం నా బాధ్యత. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. పిల్లలకి ఈ సరదా ఉంటే షూటింగ్ అకాడమీలున్నాయి, అక్కడ చేర్పించండి.

ఇంకొక్క మాట. మాఘమాసంలో మళ్ళీ ఉయ్యూరులో బుడగలు కడతారు. మీ పిల్లవాడు గొట్టం విరవడానికి రెండు చేతులూ వాడుతూ గుళ్ళు నోట్లో పెట్టుకోబోతే ఆపండి, నన్నెవరూ ఆపలేదు. సీసం విషం, పిల్లల మెదడుకి మరీ. గుళ్ళు మీ చేతిలో పట్టుకోండి, ఆట అయ్యాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కుని అప్పుడు జీళ్ళు తినండి.